లెమ్మనే మాట

మొరోలకే కారు దిగేసరికి పొట్టేలు ఆమె మిరప మొక్కల్ని సగం మేసేసింది.

తెల్లటి పొట్టేలు. కొమ్ములకు ఎర్ర రిబ్బను చుట్టారు. జనరేటరు కొట్టం గుంజకు కట్టేశారు. పక్కనే గోడకు చేరేసి పెండలం దుంపల మోపులు, పామాయిలు డబ్బాలు, గుడ్డ కప్పిన జిన్ సారా సీసాల పెట్టె. పిల్లనడగడానికి వచ్చేవాళ్ళు తెచ్చే సరంజామా అంతా ఉంది. ఈ ఇంట్లో అడగడానికి పిల్ల లేదు. ఉన్న ఒక్క పిల్ల అబేకే పోయి మొన్నటి వానలకు ఏడాది దాటింది.

"ఎవరు కట్టారు దీన్నిక్కడ?" అంది వాకిట్లోంచే.

 పొట్టేలు తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ మొక్క మీద పడింది.

లోపల ఫ్యాను తిరుగుతోంది. భర్త అన్నగారు అకాన్బీ ముసలాయన పెద్ద కుర్చీలో ఉన్నాడు. భర్త దురోజైయే కిటికీ దగ్గర స్టూలు మీద, టోపీ తీసి మోకాలికి తగిలించుకుని కూర్చున్నాడు. మధ్య బల్ల మీద తెల్ల పళ్ళెం. పళ్ళెంలో కోలా కాయ బద్ద ఒకటే మిగిలి ఉంది. కాయకు నాలుగు బద్దలుంటాయి.

కాయ నమిలి ముసలాయన పెదాలు ఎర్రబడ్డాయి.

"కూర్చో అమ్మా, అబేకే తల్లీ. ఎండన పడి వచ్చావు. ముందు కాసిని మంచినీళ్ళు..."

"కాయ ఎవరు చీల్చారు బావగారూ?"

"చెప్తాను. కూర్చో."

"నిలబడే వింటాను."

అకాన్బీ తమ్ముడి వైపు చూశాడు. దురోజైయే టోపీ అంచు సరిచేసుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

"నేనే చీల్చాను," అన్నాడు ముసలాయన.

మొరోలకే చేతిసంచి బల్ల మీద పెట్టలేదు. భుజానే ఉంచుకుంది. వేడుకోలుకు వచ్చినవాళ్ళ చేతి కాయ అందుకోవడం మర్యాద. అందుకున్న కాయ చీల్చకుండా పక్కన పెడితే, ఆలోచిస్తామని అర్థం. చీల్చి, వాళ్ళతో కలిసి నమిలారంటే ఆ ఇల్లు పగ వదిలేసినట్టే. ఆ తరువాత కాదనడానికి ఈ దేశంలో నోరున్నవాడెవడూ సాహసించడు.

"ఊరి పెద్దలంతా వచ్చారమ్మా. రాజుగారి మనుషులు వచ్చారు. మా అమ్మ తరఫు వాళ్ళను కూడా వెతికి పట్టుకొచ్చారు. తొంభై ఏళ్ళ ముసలిది మోకాళ్ళ మీద కూర్చుని అడుగుతుంటే ఏం చెయ్యమంటావు? లేచి తలుపేసుకోనా?"

"వేసుకోవాల్సింది."

"మాటలు సులువే."

"వాళ్ళు వచ్చింది నా ఓటు కోసం. శాసనసభలో కుర్చీ మీకుందా, నాకుందా?"

"సభలో నీకుంది. ఈ ఇంట్లో నాకుంది."

మొరోలకే నవ్వింది. 

"మా అత్తగారు పోయినప్పుడు కొబ్బరి తోట ఎవరిదో తేల్చుకోవడానికి కూర్చున్నారు, గుర్తుందా? నేనూ వచ్చి కూర్చోబోతే, కోడలివి, వంటింటి వైపు పో, ఇది నెత్తురు పంచుకున్నవాళ్ళ మాట అన్నారు. ఎవరన్నారు?"

"ఎప్పటి మాటో ఇప్పుడెందుకు?"

"అప్పుడు నెత్తురు కాని దాన్ని, ఇప్పుడు ఒక్క కాయ ముక్కతో ఇంటి మనిషినైపోయానా బావగారూ?"

దురోజైయే గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను కిటికీ బయటికి చూశాడు.

"నువ్వున్నావా ఇక్కడ?" అంది భర్తతో. "వాళ్ళు చీలుస్తుంటే చూస్తూ కూర్చున్నావా అబేకే నాన్నా?"

"అన్నయ్య చీల్చాడు," అన్నాడతను.

"తిన్నావా?"

అతను పెదాలు తడుపుకున్నాడు. ఎర్రగా లేవు. తినలేదన్నమాట. అది ఆమెకు కాస్త ఊరటగా అనిపించింది. ఆ ఊరట ఎంతసేపు నిలుస్తుందో అప్పటికి ఆమెకు తెలియదు.

సాయంత్రం నాలుగింటికి సభ. గవర్నరు అడిగున్ మీద అభిశంసన ఈ పూటతో తేలిపోవాలి. విచారణ సంఘం నేరాలు రుజువయ్యాయని చెప్పేసింది. ఇక మూడింట రెండొంతుల మంది చేతులెత్తితే ఓట్లతో ఎక్కినవాడు ఓట్లతోనే దిగిపోతాడు. ఆ లెక్కకు ఒక్కరు తక్కువ. ఆ ఒక్కరూ మొరోలకే. సభ్యులందరినీ పార్టీ పెద్దాయన ఒగుంజిమి ఎవరూ కొనకుండా తన బంగళాలో పెట్టి కాపలా కాస్తున్నాడు. బట్టలు మార్చుకొస్తానని ఈ ఒక్క పూటకే ఆమె ఇంటికి వచ్చింది. సభకు పోయే దారిలో ఆయన బస్సు వచ్చి ఎక్కించుకుపోవాలి.

నేరాల్లో మొదటిది పెద్దాసుపత్రి జనరేటరు డీజిల్ తినేయడం. అది ఆమె పట్టుబట్టి పెట్టించింది. పెద్దాయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అదే మొదట పెట్టు అమ్మాయ్, నీ కడుపుకోత అందరికీ తెలియాలి అన్నాడు.

"సభట సభ!" అన్నాడు అకాన్బీ. "సభాపతి గదని దుంపల గోతాల కింద పెట్టుకుని బస్సులో తిరుగుతున్నారంట కదా. అదేం సభ?"

"గద లేకపోతే సభ చెల్లదు. మీ అడిగున్ మనుషులు పోయిన నెల కిటికీలోంచి దూకి ఎత్తుకుపోబోయారుగా. దుంపల కింద కాక నెత్తిన పెట్టుకుని ఊరేగాలా?"

"మా అడిగున్ అనకు."

"వాళ్ళ కాయ తిన్నారు. ఇక మీవాడే."

ముసలాయన కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచాడు. గొంతు మారింది.

"నాకు నొప్పి లేదనుకుంటున్నావా? ఆ పిల్లని మట్టిలో పెట్టింది ఎవరు? మీరిద్దరూ లోపల తలుపేసుకుని కూర్చున్నారు. కన్నవాళ్ళు కడుపున పుట్టినదాని సమాధి చూడకూడదు కాబట్టి కూర్చున్నారు. గడ్డపార పట్టింది నేను. అది ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలుసు, నీకు తెలియదు. ఆ బరువు ఎవరు మోస్తున్నారమ్మా?"



"ఆ చేత్తోనే వాళ్ళ కాయ నోట్లో పెట్టుకున్నారు," అంది మొరోలకే.

ముసలాయన చేతిని చూసుకున్నాడు. అంగీకి తుడుచుకున్నాడు. తుడుచుకున్నానని తెలిసి మళ్ళీ కూర్చున్నాడు.

"ఆయన స్వయంగా వస్తానన్నాడు," అన్నాడు నేల చూస్తూ. "కాయ చీలింది కాబట్టి నీ కాళ్ళ మీద పడి మిగతా మాట నీతోనే చెప్పుకుంటానన్నాడు. ఈపాటికి దారిలో ఉంటాడు."

"గవర్నరా? ఈ ఇంటికా?"

"ఆ."

ఆమె చేతిసంచి దించి కుర్చీకి తగిలించింది. గదంతా ఒకసారి చూసింది, ఇల్లు అద్దెకు చూసేవాళ్ళలాగా. వంగి నేల మీది చాప చుట్టేసింది. కింద వట్టి సిమెంటు. చాప తీసుకెళ్ళి వంటింటి తలుపు వెనక నిలబెట్టి వచ్చింది. కిటికీల చెక్కలు ఒక్కొక్కటే మూసింది. భర్త కూర్చున్న కిటికీ దగ్గరికి వచ్చి ఆగింది.

"జరుగు."

అతను స్టూలుతో సహా జరిగాడు. ఆ చెక్క కూడా మూసింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు అకాన్బీ.

"అబేకే నాన్నా, వెళ్ళి జనరేటరు ఆపు."

దురోజైయే కదల్లేదు. "కరెంటు నిన్నటి నుంచి లేదు. ఇదీ ఆపితే గాలాడదు."

"దానికి ఆడిందా?"

అతను లేచి వెళ్ళాడు. కొట్టంలో మోటారు చప్పుడు ఒక్కసారి దగ్గి, తగ్గి, ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. ఫ్యాను రెక్కలు కొంతసేపు ఊరికే తిరిగి నిలిచాయి. మొరోలకే కళ్ళు మూసుకుని ఆ చప్పుడంతా విన్నది. ఆసుపత్రి వరండాలో కూర్చుని విన్నది కూడా ఇదే వరసలో. దగ్గడం, తగ్గడం, ఇంకోసారి దగ్గడం. ఆ తరువాత లోపల నర్సులు ఫోన్ల వెలుతురు పెట్టండి, ఫోన్లు పెట్టండి అని అరవడం. కిటికీలు లేని గది అది. మిట్టమధ్యాహ్నమే చీకటి. కాన్పుకని అబేకే కడుపు కోసి ఉంది, బిడ్డ ఇంకా లోపలే.

భర్త తిరిగి వచ్చి చీకట్లో తన స్టూలు వెతుక్కున్నాడు.

*

కార్లు కూతలు పెట్టకుండా వచ్చాయి. తలుపులు మూసుకోవడం వినబడింది. మిమ్మల్ని బయటే ఉండమన్నానా అని ఎవరో ఎవరినో కసిరారు. గుమ్మం తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

గవర్నరు అడిగున్ వీధి పోస్టర్లలో కనబడినంత మనిషి కాదు. మామూలు లాల్చీ, మామూలు టోపీ. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచాడు. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా నిలబడ్డాడు. ఆమె ఏ కుర్చీలో కూర్చుందో పోల్చుకున్నాక టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్ళు వంచి, అరచేతులు ఆన్చి, నిలువునా బోర్లా పడుకున్నాడు. రొమ్ము సిమెంటుకు తగిలింది. అలా తగిలితేనే పడుకున్నట్టు లెక్క.

"అక్కా," అన్నాడు. "అబేకే తల్లీ."

అతని నోట కూతురి పేరు విన్నాక ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఈ ఊళ్ళో ఆమెనెవరు పిలిచినా ఆ పేరుతోనే పిలుస్తారు. కూరగాయలమ్మే ఆవిడ, బడి పంతులు, సభాపతి, అందరూ. రోజుకు ఎన్నిసార్లు పిలుస్తారో అన్నిసార్లు ఆమె పలికేది. ఇవాళ పలకలేదు.

సాష్టాంగపడినవాణ్ణి పెద్దవాళ్ళు లెమ్మనాలి. అనేదాకా లేవకూడదు. మామూలుగా రొమ్ము నేలకు తగలకముందే లే నాయనా, లే అంటారు. అదీ మర్యాద.

మొరోలకే ఏమీ అనలేదు.

"అక్కా, ఈ ఇంటి తిండి తిన్నవాణ్ణి."

"గుర్తుంది. ఎన్నికలప్పుడు వచ్చావు. దంచిన పెండలం పెట్టాను. ఆకు కూర నువ్వు రెండోసారి అడిగి వేయించుకున్నావు."

"అవునక్కా. పుల్లగా..."

"ఆ కూర వండింది అబేకే."

అడిగున్ వేళ్ళు సిమెంటు మీద ముడుచుకున్నాయి.

"ఆ రోజు చాప వేశాను, నీ బట్టలకు దుమ్మంటకూడదని," అంది ఆమె. "ఇవాళ తీసేశాను. తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"అమ్మా," అన్నాడు అకాన్బీ. "లెమ్మను. రాష్ట్రానికి పెద్ద. వీధిలో జనం ఉన్నారు."

"లోపలేం కనబడుతుంది బావగారూ వాళ్ళకి? చీకటిగా ఉందిగా." ఆమె ముందుకు వంగింది. "చీకటిగా ఉందా తమ్ముడూ?"

"ఉందక్కా."

"ఉక్కగా?"

"ఆ."

"భయమేసిందా?"

అతను కాస్త ఆగాడు. "ఇప్పుడు వేస్తోంది."

"నీ కడుపు కుట్టే ఉంది కదా. ఎందుకు భయం?"

అకాన్బీ దేవుణ్ణి తలుచుకున్నాడు. బయట పొట్టేలు అరిచింది. గవర్నరు నుదుటి చెమట సిమెంటు మీద పడుతోంది. ఆ చుక్కలు వినబడుతున్నాయి. మొరోలకేకు తొందర లేదు. ఏడాదిగా ఆమె ఇలాంటి ఒక్క పూట కోసమే అన్నం తిన్నది, నిద్రపోయింది, పెద్దాయన చెప్పిన కాగితాల మీద సంతకాలు పెట్టింది. ఇతను ఇలా కాళ్ళ దగ్గర ఉండాలి, తను లెమ్మనకుండా ఉండాలి, ఆ తరువాత పోయి చెయ్యెత్తాలి. అనుకున్నట్టే జరుగుతోంది. ఆకలి మాత్రం తీరడం లేదు. అదెందుకో ఆమెకు అర్థం కాలేదు.

"నన్ను దించెయ్యి అక్కా," అన్నాడు అడిగున్ నేలతోనే చెబుతున్నట్టు. "ఓటు మార్చుకోమని రాలేదు."

"మరి పొట్టేలెందుకు?"

"అది పెద్దవాళ్ళ ముచ్చట. నేను వచ్చింది ఒక్క మాట అడగడానికి. ఆ డీజిల్ బండ్లు ఎవరివో నీకు తెలుసా?"

"నీవి. విచారణలో తేలింది."

"విచారణ సంఘాన్ని వేయించింది ఎవరు?"

"తిప్పకు. చెప్పు."

"పెద్దాయన అల్లుడివి."

మొరోలకే కుర్చీ కిర్రుమంది.

"అబద్ధం."

"ఒగుంజిమి గారు నన్ను గవర్నరుగా కూర్చోబెట్టారు. ఎవరికేం ఇవ్వాలో ఆయనే చెప్పేవారు. బండ్లు సగం ఖాళీగా వస్తున్నాయని నాకు తెలుసు అక్కా. తెలియదని చెప్పను. ఆసుపత్రి వాళ్ళు వచ్చి మొత్తుకున్నారు. పెద్దాయనతో అన్నాను. నోరు ముయ్యమన్నారు. మూశాను. ఆ నోటికే ఇవాళ ఈ మట్టి. పోయిన పంటల పండగకి ఆ పని ఆయన అల్లుడి దగ్గర తీసేసి వేరేవాళ్ళకిచ్చాను. అప్పటినుంచే నేను దొంగనయ్యాను."

"దొంగవే."

"దొంగనే. ఒక్కణ్ణి కాదు."

"చచ్చేముందు అందరినీ పట్టుకు లాగుతున్నావు."

"నా మాట నమ్మొద్దు. పార్టీలో మామూలు నీకు తెలుసు. ఏ ఊళ్ళో పనైతే ఆ ఊరి పార్టీ అధ్యక్షుడు పేరు పంపాలి. పై నుంచి పేరు దిగుతుంది, కింద నుంచి అది ఎక్కి వస్తుంది. పేరు పంపినవాణ్ణి అడుగు."



మొరోలకే తల తిప్పలేదు. తిప్పనక్కరలేదు. ఈ ఊరి పార్టీ అధ్యక్షుడు ఎక్కడ కూర్చున్నాడో ఆమెకు తెలుసు. మూసిన కిటికీ పక్కన, స్టూలు మీద, టోపీ మోకాలికి తగిలించుకుని.

"అబేకే నాన్నా," అంది నెమ్మదిగా. "వీడేమంటున్నాడు?"

స్టూలు కదల్లేదు.

"అబేకే నాన్నా."

ఊపిరి తీసుకోవడం వినబడింది. అంతే.

"దురోజైయే."

అకాన్బీ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా! మొగుణ్ణి పేరు పెట్టి..."

"దురోజైయే," అంది మళ్ళీ. పెళ్ళయ్యాక ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. నోటికి కొత్తగా, ఎవరో బయటి మనిషి పేరులా ఉంది. "పేరు నువ్వు పంపావా?"

స్టూలు కాళ్ళు సిమెంటు మీద రాసుకున్నాయి. టోపీ మెత్తగా కింద పడింది. అతను లేచాడు. తన వైపే వస్తున్నాడనుకుంది. భుజం మీద చెయ్యి వేస్తాడని, ఇది అబద్ధమని చెబుతాడని అనుకుంది. అతని మోకాలి ఎముక చిటుక్కుమంది. వానల్లో ఆ మోకాలు ఎప్పుడూ అలాగే అంటుంది. గంజిపెట్టిన బట్ట నలిగిన చప్పుడు. అరచేతులు ఆనిన చప్పుడు. ఆ తరువాత రొమ్ము.

"తమ్ముడూ!" అకాన్బీ గొంతు చీలిపోయింది. "లేరా! పెళ్ళాం ముందా? మన నాన్న ఈ గోడ మీది పటంలోంచి చూస్తున్నాడు. లే!"

దురోజైయే లేవలేదు. గవర్నరు పక్కన, అతని భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, బోర్లా పడి ఉన్నాడు.

"పంపాను," అన్నాడు.

"అది పెద్దాయన అల్లుడి పేరని తెలిసే?"

"తెలిసే."

"సగమే పోస్తున్నారని?"

"జనరేటరు చూసే మనిషి వచ్చి చెప్పాడు. పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఎన్నికలు దగ్గర పడ్డాయి, కాస్త ఆగు అన్నాడు." నేలకు ఆనిన నోటిలోంచి మాట ముద్దముద్దగా వస్తోంది. "ఆగాను."

"నొప్పులు మొదలైనప్పుడు ఊరవతల మిషనరీల ఆసుపత్రికి పోదామన్నాను నేను."

"అన్నావు."

"పెద్దాసుపత్రే మంచిదన్నావు."

"పార్టీ అధ్యక్షుడి కూతురు వేరే ఆసుపత్రికి పోతే జనం ఏమంటారు అనుకున్నాను. ఆ రోజుకి పోసే ఉంటారనుకున్నాను."

"అనుకున్నావు."

"అనుకున్నాను."

ఆమె ఏడవలేదు. ఏడాది కింద మూసిన తలుపు వెనక ఇతను తన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బయట గడ్డపార చప్పుడు వినబడకుండా తన చెవులు రెండూ అరచేతులతో మూశాడు. ఆ చేతులే ఇప్పుడు కాళ్ళ దగ్గర చాపుకుని ఉన్నాయి. ఆ రోజు అతను మూసింది తన చెవులేనా, లేక అతని చెవులా?

నేరాల్లో మొదటిది నేను చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నావు, అనబోయింది. అనలేదు. పెద్దాయన కూడా విన్నాడు. అదే మొదట పెట్టు అమ్మాయ్ అన్నాడు.

"లెమ్మనమ్మా," అన్నాడు అకాన్బీ. ఇప్పుడతని గొంతులో ఇంటిపెద్ద లేడు. "ఆయన సంగతి నీ ఇష్టం. వీణ్ణి లెమ్మను."

మొరోలకే చెయ్యి చాచి, చీకట్లో తడిమి, పళ్ళెంలోని ఆ ఒక్క కోలా బద్దను తీసుకుంది. తినలేదు. గుప్పిట్లో పెట్టుకుంది.

వీధిలో హారన్ మోగింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. బంగళా బస్సు కూత అది.

గవర్నరు మనుషులకూ బస్సు మనుషులకూ గేటు దగ్గర మాటా మాటా పెరిగింది. వాటి మీదుగా నిదానంగా చేతికర్ర చప్పుడు. ఆ కర్ర ఏ ఇంటి గుమ్మం దగ్గరా ఆగి అనుమతి అడగదు.

తలుపు తెరుచుకుంది. ఎండ ఒక్క పెట్టున గదిలో పడింది.

గుమ్మంలో ఒగుంజిమి పెద్దాయన. తెల్లటి జరీ అంగరఖా, మెడలో పగడాలు. వెనక నుంచి వెలుతురు రావడంతో మొదట మొహం కనబడలేదు, గొంతు మాత్రం తేనెలా ఉంది.

"ఏంటమ్మాయ్ ఈ చీకటి? అందరూ బస్సులో ఉక్కిరిబిక్కిరవుతున్నారు. గదను దుంపల్లోంచి తీసి తుడిపించాను. నువ్వు ఎక్కితే..."

ఆగాడు. కాళ్ళ ముందు నాలుగు అరికాళ్ళు కనబడ్డాయి.

రెండు నున్నటివి, లేత రంగువి. పెద్దాయన వాటిని గుర్తుపట్టి ముసిముసిగా నవ్వాడు. "ఓహో. వచ్చి పడ్డాడా? పడనీ, పడనీ. రాత ఉండాలి చూడ్డానికి." కర్ర కొనతో ఆ పాదాన్ని తాకబోయాడు.

పక్కన మరో రెండు. నల్లగా, పగుళ్ళు తేలి ఉన్నాయి. ఉత్తరం నుంచి పొడి గాలులు వీచే రోజుల్లో ఆ మడమలకు మొరోలకే షియా వెన్న రాస్తుంది. కర్ర గాల్లో ఆగిపోయింది.

"వీడెవడు?" అన్నాడు. ఎవడో తెలిసింది. అందుకే ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన మొహం మీద నవ్వు ఉన్నచోటే ఉంది. కళ్ళు మాత్రం గదంతా తిరిగాయి. మూసిన కిటికీలు, ఆగిన ఫ్యాను, తీసేసిన చాప, ఖాళీ పళ్ళెం. ముసలి అకాన్బీ తల దించుకున్నాడు.

"ఇంటి గొడవలు తరువాత చూసుకుందాం అమ్మాయ్," అన్నాడు. గొంతులో తేనె కాస్త పలచబడింది. "నువ్వు లేకపోతే సభ లేదు. వస్తున్నావా?"

"వస్తాను పెద్దాయనా."

ఆమె కుర్చీలోంచి కదల్లేదు. గుప్పిట్లో కోలా బద్ద చెమటకు తడిసింది.

"చెప్పులు అక్కడే విడిచి లోపలికి రండి," అంది మొరోలకే. "నేల మీద ఇంకా చోటుంది."